చలిగెడ్డ వేలాడు బెండ

మా గోనె సంచుల శాఖకు కూరగాయలతో ఏం పనని మీరు అడగకూడదు. నేను అడిగాను. మెమో వచ్చింది.

ఆ మెమో కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. "ప్రశ్నించుట అనునది పెరటి తోటల స్ఫూర్తికి విరుద్ధమైనందున, ఇట్టి ప్రశ్న ఎందుకు వేసితిరో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను" అని అందులో ఉంది. తోటల మీద ప్రేమ ఎక్కువై నోరు జారానని రాసిచ్చాను. ఆ సంజాయిషీని అంగీకరిస్తూ మరో మెమో వచ్చింది.

నా పేరు నాగవర్ధని. మాది కోనసీమ. ఆ శాఖలో సీనియర్ అసిస్టెంటుని. చలిగెడ్డకు కావాలని అడిగి మరీ బదిలీ చేయించుకున్నాను. ఈ మాట చెబితే మా శాఖలో ఎవరూ నమ్మలేదు. ఏదో పెద్ద తప్పు చేసి ఉంటుంది, పైకి చెప్పుకోలేక ఇలా అంటోంది అనుకున్నారు. అసలు సంగతేమిటంటే, మా ఆయన ఆదిశేషు చలిగెడ్డ ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు. ఆయన శాఖ వేరు, నా శాఖ వేరు. పెళ్లయి పదకొండేళ్లయితే, మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నది అన్నీ కలిపి పద్నాలుగు నెలలు. ఈ కూడిక ఆయనే చేసి చెప్పాడు. లెక్క తప్పితే బాగుండునని నేను రెండుసార్లు చేసి చూశాను. తప్పలేదు.

చలిగెడ్డలో అద్దె ఇళ్లు ఉండవు. ఉన్నవల్లా మా శాఖ క్వార్టర్లు ఎనిమిది. వాటిలో ఒకటి నాకిచ్చారు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనకాల కంచె వేసిన పెరడు. సామాను దించిన రోజు మా ఆయన గుమ్మానికి తోరణం కట్టి, "వర్ధనీ, ఇక మనల్ని విడదియ్యాలంటే ఇల్లు కూలాలే" అన్నాడు. ఇల్లు కూలక్కర్లేదనీ, ఒక సర్క్యులర్ చాలనీ ఆయనకేం తెలుసు?

ఆ సర్క్యులర్ అక్టోబరు మొదటి వారంలో వచ్చింది. క్వార్టర్లలో నివసించు ప్రతి ఉద్యోగియు పెరటి తోట వేయవలెను. తొంబది దినములలో బెండ మొక్కలకు కనీసం నలుబది కాయలు, తనిఖీ అధికారి లెక్కించుటకు వీలుగా, కనపడవలెను. కనపడని యెడల క్వార్టరు రద్దగును. కింద సంతకం ఉంది, సంతకం కింద ఆకుపచ్చ సిరాతో "పచ్చదనమే పరిపాలన" అని ఉంది.

ఇక్కడ చలిగెడ్డ గురించి ఒక సంగతి చెప్పాలి. అక్కడ కార్తీకం వచ్చిందంటే కొబ్బరినూనె సీసాను పొయ్యి పక్కన పెట్టుకోవాలి. పదింటికి గానీ సూర్యుడు కొండ దిగడు. డిసెంబరులో పొద్దున్నే గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు ఉంటుంది. కానీ మా శాఖ రికార్డుల్లో మాత్రం చలిగెడ్డ రాష్ట్రంలోని అత్యంత వేడి ప్రదేశాల్లో ఒకటి. ఎలాగంటే, మా సబ్ ఆఫీసును మొదట కొండ కింద మైదానంలో ఒక ఊరికి మంజూరు చేశారు. అక్కడ భవనం దొరకలేదు. చలిగెడ్డలో పాత ధాన్యం గిడ్డంగి ఖాళీగా ఉందని ఆఫీసును పైకి ఎక్కించారు. ఫైళ్లతో పాటు, బీరువాలతో పాటు, రిజిస్టరులో "వాతావరణము: మిక్కిలి వేడి" అని రాసిన గడి కూడా పైకి ఎక్కింది. ఇరవై రెండేళ్లుగా ఆ గడిని ఎవరూ ముట్టుకోలేదు.

అందుకని మా ఆఫీసులో ఆరు ఫ్యాన్లున్నాయి. ఏటా కిటికీలకు వట్టివేళ్ల తడికెలు వస్తాయి. అటెండరు సోములు డిసెంబరు నెలలో కూడా రోజూ పదకొండింటికి వాటిని తడిపి, తడిపినట్టు పుస్తకంలో సంతకం పెడతాడు. మేం శాలువాలు కప్పుకుని వాటి పక్కనే కూర్చుని గోనె సంచుల లెక్కలు చూస్తాం. పళ్లు టకటకలాడుతుంటే టైపు కొడుతున్నారేమో అనుకుంటారు బయటివాళ్లు.

సర్క్యులర్‌తో పాటు తోట సామగ్రి కూడా వచ్చింది. బెండ, వంగ, గోంగూర, దోస విత్తనాల పొట్లాలు. మొక్కలకు ఎండ తగలకుండా పైన కట్టడానికి ఒక ఆకుపచ్చ వల. "వడదెబ్బ నుండి మొక్కల సంరక్షణ" అని ఒక పుస్తకం.

నేను భయపడలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త పొగరుగానే ఉన్నాను. మా కోనసీమలో విత్తనం వెయ్యక్కర్లేదు, చేతిలోంచి జారితే చాలు. పిల్లలు తిని ఊసిన గింజలే పాదులై గోడలెక్కుతాయి. అలాంటి నేలలో పుట్టినదాన్ని, నలభై బెండకాయలకు వెనకాడతానా? పెరడంతా గుల్ల చేసి, బోదెలు తీసి, బెండగింజలు నాటి, మా ఊళ్లో చేసినట్టే సాయంత్రం దీపాలవేళకు బిందెలతో నీళ్లు పోశాను.

కంచె అవతల దేవుడమ్మ ఉంటుంది. అరవై దాటిన మనిషి. ఇంటి వెనకే కొండవాలు మీద ఆమెకు ముప్పాతిక ఎకరం పొలం ఉంది. ఆ వేళ కంచె మీద చేతులు ఆన్చి, నేను నీళ్లు పొయ్యడం చాలాసేపు చూసింది.

"ఏటి యేసినావమ్మా?" అంది.

"బెండ, పెద్దమ్మా."

"ఈ సలిలో బెండలేటి తల్లీ? మట్టే వొణుకుతాంటే గింజేటి లేత్తాది?"

"మా ఊళ్లో ఏడాది పొడుగునా కాస్తుందండి."

"మీ ఊల్లో కాత్తాది. మీ ఊరు ఇక్కడికి రాలేదు గదా, నువ్వొచ్చినావు. సందేల నీల్లు పొయ్యకమ్మా. తెల్లారేతలికి గడ్డ కట్టీసి ఏరు సచ్చిపోద్ది. రాజ్మా ఎయ్యి, కేబేజీ నారు నానే ఇత్తాను, బంగాలదుంప ఎయ్యి."

నేను నవ్వి ఊరుకున్నాను. కోనసీమ పిల్లకు కొండ మీద మనిషి నీళ్లు పొయ్యడం నేర్పడమా అనుకున్నాను. ఇవాళ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పది రోజులకు మొలక రాలేదు. ఇరవై రోజులకు మూడు మొలకలొచ్చి, లోకం చూసి, వెనక్కి తగ్గాయి. వంగ రాలేదు. గోంగూర రెండాకులేసి ఎర్రగా బిగుసుకుపోయింది. దోస గింజల్ని తవ్వి చూస్తే వేసినవి వేసినట్టే ఉన్నాయి, తిరిగి పొట్లంలో పోసెయ్యొచ్చు. పైన వల మాత్రం ఆకుపచ్చగా ఉంది.

అప్పుడు దేవుడమ్మ అడక్కుండానే కంచె దాటి వచ్చింది. స్నానాలగది వెనక వెచ్చగా ఉండే గోడ వారన రాజ్మా గింజలు నాటింది, పక్కన క్యాబేజీ నారు పెట్టింది, ఓ మూల బంగాళాదుంపలు పాతింది. సాయంత్రమైతే గడ్డి కప్పడం, ఎండ వచ్చాక తీసి నీళ్లు పొయ్యడం నాకు నేర్పింది. ఈసారి నేను నోరెత్తలేదు.

నెల తిరిగేసరికి ఆ మూల అంతా పచ్చగా నిండిపోయింది. నాకు ధైర్యమొచ్చి పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. అయ్యా, చలిగెడ్డలో చలి ఎక్కువ, బెండ మొలవడం లేదు, రాజ్మా, క్యాబేజీ, బంగాళాదుంప బ్రహ్మాండంగా వస్తున్నాయి, కనుక బెండకు బదులు వీటిని లెక్కించగలరు అని. వారం తిరక్కుండా జవాబొచ్చింది. మా శాఖ అంత తొందరగా జవాబివ్వడం అదే మొదలు.

"తమ లేఖలో 'చలి' అను పదము నాలుగు పర్యాయములు వాడబడినది. కార్యాలయ రిజిస్టరు ప్రకారము చలిగెడ్డ మిక్కిలి వేడి ప్రదేశము. కావున సదరు చలి అనధికారికమైనది. వాతావరణ మార్పు కోరదలచిన యెడల నిర్ణీత నమూనాలో, సరియైన మార్గమున, మూడు ప్రతులలో దరఖాస్తు చేసుకొనవలెను. అంతవరకు మొక్కలను వడదెబ్బ నుండి కాపాడుచు రోజునకు రెండు పూటలు నీరు పోయవలెను."

నేను మూడు ప్రతులలో దరఖాస్తు చేశాను. వాతావరణం మార్చడానికి ఆధారంగా థర్మామీటరు లెక్కలు జతపరచమన్నారు. థర్మామీటరు కావాలని రాస్తే, వేడి ప్రదేశాలకు మంజూరైన థర్మామీటరు పంపారు. దాని మీద అంకెలు ఇరవై ఐదు నుంచి మొదలవుతాయి. పాదరసం అడుగున ముడుచుకుని పడుకుంది. పై ఆఫీసువాళ్లు "ఇరవై ఐదు" అని రాసుకున్నారు.

తొంభై రోజుల గడువు దగ్గరపడింది. జనవరి పదో తేదీన ఉప సంచాలకులు శ్రీ పేరిచర్ల దక్షిణామూర్తి గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. క్వార్టరు పోతే నేను ఘాటీ దిగి నలభై కిలోమీటర్ల కింద గది వెతుక్కోవాలి, ఆయన బడి హాస్టల్లో మంచం వేసుకోవాలి. మళ్లీ శనివారాల బస్సులు. మళ్లీ ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఇద్దరం మాట్లాడుకోవడం మానేసి గడియారం చూసుకోవడం. నాకు ఏడుపొచ్చేసింది.

మా ఆయన సర్క్యులర్ తీసి, లెక్కల ప్రశ్నపత్రం చదివినట్టు చదివాడు.

"వర్ధనీ, ఇందులో మొక్కలకు కాయలు కనపడాలన్నారు గానీ, ఆ మొక్కే కాయాలని ఎక్కడా లేదే."

"అంటే ఏంటండీ?"

"మంగళవారం సంతకి కింద నుంచి బెండకాయలు రావట్లేదేంటి?"

"దొంగపని కాదుటండీ?"

"దొంగపని ఎలా అవుద్దే? కొన్న కాయలు, మన పెరడు. ఇచ్చిన దత్తాంశాలతో ఫలితం రాబట్టడమే."

ఆయన వాగు ఒడ్డు నుంచి చిన్న ఆముదం మొక్కలు పెరికి తెచ్చి బోదెల్లో నాటాడు. దూరం నుంచి చూస్తే ఆకు బెండాకులాగే ఉంటుంది. మంగళవారం సంతలో బెండకాయలు కొన్నాడు. గోనె సంచులు కుట్టే పురికొస మా ఇంట్లో ఉండనే ఉంది. తనిఖీ నాడు నేను ఆఫీసుకు వెళ్లి అధికారిని వెంటబెట్టుకు వచ్చేలోగా, కాయలన్నీ కట్టేసి ఉంచుతానన్నాడు.

దక్షిణామూర్తి గారు జీపు దిగారు. పొట్టి చేతుల పల్చటి తెల్ల చొక్కా వేసుకున్నారు. ఉన్ని దుస్తులు కావాలని చలిగెడ్డ సిబ్బంది పెట్టుకున్న పదకొండు దరఖాస్తులనూ "వేడి ప్రదేశము" అని తిరస్కరించింది ఆయనే. ఇప్పుడు ఆయనే స్వెట్టరు వేసుకుంటే ఫైలు ఏమనుకుంటుంది?

"చలేస్తోందాండీ?" అన్నాను.

"ఆ మాట వాడవద్దమ్మా. రికార్డులో లేదు."

"వణుకుతుంటేనూ..."

"ఇది కర్తవ్య నిర్వహణయందలి ఉత్సాహము" అన్నారు. ఆ 'ఉత్సాహము' అనడానికి పళ్లు అడ్డుపడి ఆయనకు అరనిమిషం పట్టింది.

పెరట్లోకి అడుగుపెడుతూనే నేను ఆ కాయల్ని చూశాను. మా ఆయన రాజమండ్రి నడిబొడ్డున పుట్టినవాడు. బెండకాయను తట్టలో తప్ప చెట్టున చూసిన మనిషి కాదు. బెండకాయ కొమ్మకు పైకి నిక్కి ఉంటుంది కదా. ఈయన నలభై కాయల్నీ తొడిమలకు పురికొస బిగించి, చిక్కుడు కాయల్లా కిందకి వేలాడదీశాడు. గాలికి అవి గంటల్లా ఊగుతున్నాయి. ఆయన మాత్రం చేతులు కట్టుకుని, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు.

కంచె అవతల నుంచి దేవుడమ్మ గొంతు వినిపించింది. "ఓలమ్మో! బెండకాయ మీదకి సూత్తాది గదేటి! ఇయ్యేటి, ఉరేసుకున్నట్టు ఏలాడతన్నాయి?"

దక్షిణామూర్తి గారు ఆగారు. వంగారు. ఒక కాయను వేలితో పొడిచారు. అది ఊగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అద్భుతం!" అన్నారాయన. "ఊర్ధ్వముఖముగా ఉండవలసిన బెండ అధోముఖమైనది. సాధారణ బెండ సూర్యుని వైపు చూచును. ఇచ్చట సూర్యతాపము దుర్భరమగుటచే తల దించుకొన్నది. ఇది వేడికి తట్టుకొను కొత్త రకము. మాస్టారూ, దీనికేదైనా పేరున్నదా?"

మా ఆయన నావైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"ఇంకా పెట్టలేదండి" అన్నాడాయన.

"'చలిగెడ్డ వేలాడు బెండ' అని నమోదు చేయించెదను."

నలభై కాయలూ లెక్కపెట్టి టిక్కు పెట్టుకున్నారు. క్వార్టరు నిలిచిందని ఊపిరి పీల్చుకుంటుండగా ఆయన చూపు స్నానాలగది వెనక్కి పోయింది. అక్కడ క్యాబేజీలు ఒక్కొక్కటి తలకాయంత ఉన్నాయి. రాజ్మా కాయలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"ఈ ఉపద్రవమేమిటి?"

"క్యాబేజీ అండి. రాజ్మా అండి."

ఆయన జాబితా తీసి వెతికారు. "బెండ, వంగ, గోంగూర, దోస. జాబితాలో లేనిది ఏది మొలిచినను, నిబంధన ఏడు ప్రకారము, కలుపు. ఇంత కలుపును నా ఉద్యోగ జీవితములో చూడలేదు."

మూడో రోజున మెమో వచ్చింది. కలుపు తీవ్రత: అత్యధికము. కలుపు రకము: క్యాబేజీ మొదలగునవి. సదరు కలుపును వెంటనే వేళ్లతో సహా తొలగించి, మరల మొలవకుండునట్లు పూర్తిగా నాశనము చేసి, చర్య నివేదిక పంపవలెను.

తొలగించాను. బంగాళాదుంపల్ని నిజంగానే వేళ్లతో సహా తొలగించాను. బుట్టలన్నీ వంటింట్లోకి చేర్చి, నివేదిక రాశాను. "సదరు కలుపును రోజుకు రెండు పూటలా, పోపు వేసి, నాశనము చేయుచున్నాము. ఇరుగుపొరుగు వారు కూడ సహకరించుచున్నారు." నివేదిక సంతృప్తికరముగా ఉన్నదని జవాబు.

ఇంతటితో కథ ముగిసుంటే నేను ఇదంతా రాయను. వేలాడు బెండ సంగతి ప్రధాన సంచాలకుల వారికి చేరింది. ఆయన పొంగిపోయి, మా శాఖ గెజిట్‌లో ఆ రకాన్ని ప్రకటింపజేశారు. గోనె సంచుల శాఖ ఒక కొత్త వంగడాన్ని కనిపెట్టిందని, వ్యవసాయ శాఖ సిగ్గుపడాలని ఒక సభలో అన్నారట. జనవరి నెలాఖరున స్వయంగా చలిగెడ్డకు వస్తున్నారు, వెంట పదకొండు మంది అధికారులు, మధ్యాహ్నం వేలాడు బెండతోనే భోజనం అని ఉత్తర్వు దిగింది.

వాళ్లు వచ్చింది సోమవారం. మా సంత మంగళవారం. అంటే వాళ్లకు చూపించాల్సిన బెండకాయలు కిందటి మంగళవారం కొని, ఆనాడే కట్టేసినవి. ఆరు రాత్రుల మంచుకు అవి నల్లగా కమిలిపోయి, పురికొసకు ఎలకతోకల్లా వేలాడుతున్నాయి.

పన్నెండు మందీ పల్చటి చొక్కాలతో వరసగా పెరట్లోకి వచ్చారు. ఎవరికీ చలి లేదు. అందరికీ ఉత్సాహమే. ఒకాయన ఉత్సాహం పట్టలేక చంకల్లో చేతులు పెట్టుకున్నారు.

"ఈ గడ్డి మీద తెల్లగా ఉన్నదేమిటి?" అని అడిగారు ప్రధాన సంచాలకులు.

దక్షిణామూర్తి గారు ఒక్క క్షణం తటపటాయించారు. "పురుగుమందు పొడి, సార్."

"కాయలు నల్లగా ఉన్నాయే?"

"వేడికి వేగిపోయినవి, సార్. చెట్టుననే వేపుడగుట ఈ రకమునకు గల అదనపు ప్రయోజనము."

పాపం, ఆ పెద్దాయన నమ్మారో లేదో నాకు తెలియదు. అప్పటికే ఆయన ముక్కు ఎర్రబడింది. అందరి చూపూ మా వంటింట్లోంచి వస్తున్న పొగ మీద ఉంది. ఒకరి తర్వాత ఒకరు, తనిఖీ అంటూ, వంటింట్లోకి దూరారు. పొయ్యి చుట్టూ పన్నెండు మంది గుండ్రంగా కూర్చున్నారు. దేవుడమ్మ పొయ్యి దగ్గర ఉంది. రాజ్మా, బంగాళాదుంప కలిపి అల్లం దంచి వేసి ఉడికిస్తోంది. క్యాబేజీ వేపుడు దించింది. నేను విస్తళ్లు వేశాను.

వాళ్లు తిన్న తీరు చూస్తే నాకు జాలేసింది. ప్రధాన సంచాలకులు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. నాలుగోసారి గరిటె అందుకుంటూ, "మీ వేలాడు బెండ ఇంత కమ్మగా ఉంటుందని అనుకోలేదమ్మా" అన్నారు.

దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "సార్, బెండ దిగుబడిని నలుబది నుండి నాలుగు వందలకు పెంచవచ్చును. ఒక్కటే ఆటంకము. ఇచ్చట కలుపు ప్రబలముగా ఉన్నది. దాని మూలస్థానము కంచె అవతల గల పొలము. ఆ ముప్పాతిక ఎకరముపై కలుపు మందు కొట్టించిన యెడల..."

దేవుడమ్మ చేతిలో గరిటె ఆగింది. "నా పొలంలోనేటి బాబూ? నానేటి సేసినాను?" అంది. అంత ముసలి మనిషి గొంతు అలా సన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. క్వార్టరు, బదిలీ, పద్నాలుగు నెలలు, ఏవీ గుర్తురాలేదు.

"మీరు తింటున్నది కలుపేనండి" అన్నాను. "ఆ పొలం నుంచి వచ్చిన కలుపే. బెండ ఇక్కడ మొలవదండి. చలండి బాబూ, ఇక్కడ చలి! మీరందరూ వణుకుతున్నారు, అది ఉత్సాహం కాదండి, చలి! ఆ కాయలు సంతలో కొని పురికొసతో కట్టినవండి. అవి ఆముదం మొక్కలండి. కావాలంటే వెళ్లి విప్పి చూసుకోండి. నా ఇల్లు తీసేసుకుంటే తీసుకోండి గానీ, ఆవిడ పొలం జోలికెళ్తే ఊరుకోను."

మా ఆయన గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. పొగ వల్ల కాదు.

ప్రధాన సంచాలకులు నిదానంగా చెయ్యి కడుక్కున్నారు. తుడుచుకున్నారు.

"అమ్మా," అన్నారు, "నా ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో నాకు నిజం చెప్పిన రెండో మనిషివి నువ్వు. మొదటి మనిషి రిటైరయ్యే రోజున చెప్పాడు. ఎవరి పొలానికీ ఏ మందూ కొట్టరు. నీ మాటకు తగిన ఉత్తర్వులు వారంలో వస్తాయి. నిశ్చింతగా ఉండు."

వాళ్ల జీపులు ఘాటీ దిగుతుంటే నేను, మా ఆయన, దేవుడమ్మ కంచె దగ్గర నిలబడి చూశాం. ఆ రోజు మిగిలిన కూరతో మేం ముగ్గురం పండగలా తిన్నాం. ప్రభుత్వం కూడా మనుషులతోనే నడుస్తుంది, చెబితే వింటారు అని మా ఆయన అన్నాడు. నేనూ అవునన్నాను.

ఉత్తర్వులు సరిగ్గా వారానికి వచ్చాయి. నాలుగు పేరాలు.

ఒకటి. చలిగెడ్డ వాతావరణము విషయమై ఒక సంఘము వేయబడినది. సంఘము నివేదిక ఇచ్చు వరకు చలిగెడ్డ మిక్కిలి వేడిగానే ఉండును.

రెండు. వేలాడు బెండ ఇదివరకే గెజిట్‌లో ప్రకటింపబడినందున దానిని లేకుండ చేయుట సాధ్యము కాదు. దానిపై చలిగెడ్డలో పరిశోధన కొనసాగును. పరిశోధనాధికారిగా శ్రీ దక్షిణామూర్తి నియమింపబడినారు.

మూడు. రుచి రీత్యా, చలిగెడ్డ కలుపు అనబడు రాజ్మా, క్యాబేజీ, బంగాళాదుంపలను రాష్ట్రమంతటి జాబితాలో చేర్చడమైనది. రానున్న ఏప్రిల్ నుండి కోస్తా జిల్లాలలోని అన్ని క్వార్టర్ల పెరళ్లలో వీటినే పండించవలెను. బెండ, వంగ, గోంగూర, దోస ఇకమీదట కలుపుగా పరిగణింపబడును. మొక్కలను మంచు నుండి కాపాడుటకు ప్రతి క్వార్టరునకు ఒక దుప్పటి పంపబడుచున్నది.

నాలుగో పేరా చదవడానికి నాకు కాస్త సమయం పట్టింది. కలుపు సాగులో అనుభవము గల ఏకైక ఉద్యోగిని శ్రీమతి నాగవర్ధని అయినందున, ఆమె ధైర్యసాహసములను గుర్తించి, ఆమెను తక్షణమే కోనసీమకు ప్రత్యేక కలుపు అధికారిగా బదిలీ చేయడమైనది. ఇది శిక్ష కాదు, గౌరవము. ఖాళీ అయిన క్వార్టరు శ్రీ దక్షిణామూర్తికి కేటాయించడమైనది.

మా ఆయన ఉత్తర్వు తీసుకుని చదివాడు. మడిచి ఇచ్చాడు. "పద్దెనిమిది నెలలు, ఆరు రోజులు" అన్నాడు. ఆయన కూడిక ఎప్పుడూ తప్పదు.

బస్సు రోజున దక్షిణామూర్తి గారు సామానుతో దిగారు. ఈసారి చొక్కా కింద ఏదో లావుగా ఉంది. స్వెట్టరేనని నాకు అనుమానం. చొక్కా లోపల ఉంది గనుక రికార్డులో లేనట్టే. పెరట్లోకి వెళ్లి, ఆముదం మొక్కల ముందు పుస్తకం తెరుచుకుని కూర్చున్నారు.

మా ఆయన నా పెట్టె బస్సు మీదకి ఎక్కించి, కిటికీ పక్కన నిలబడ్డాడు. దేవుడమ్మ పరుగులాంటి నడకతో వచ్చి ఒక చిన్న మూట నా ఒళ్లో పెట్టింది. విప్పి చూస్తే రాజ్మా గింజలు.

"ఎట్టుకో తల్లీ. మంచి గింజలు, ఏరి తెచ్చినాను."

"ఏప్రిల్ ఎండల్లో మా ఊళ్లో ఇవి మొలుస్తాయా పెద్దమ్మా?"

"మొలవ్వమ్మా. ఆ ఎండకి మాడి మసైపోతాయి."

"మరి నేనేం చెయ్యను? అక్కడా క్వార్టరు తీసేస్తారు."

బస్సు కదిలింది. దేవుడమ్మ కిటికీ పట్టుకుని నాలుగడుగులు వెంట నడిచింది. ఒకసారి మా ఆయన వైపు చూసింది, ఒకసారి నావైపు చూసింది.

"సంతలో కొని, మాస్టారు కట్టినట్టే కట్టీ తల్లీ" అంది. "ఇయ్యైతే కిందకే ఏలాడతాయి."